ఎండివ్ సలాడ్

ఎండివ్ సలాడ్ ఫ్రాన్సు, బెల్జియం దేశములలో ముఖ్యముగా శీతకాలమున చేసుకొనే ఒక పచ్చి వంటకము. చేదు గల ఎండివ్ ఆకులు, పండిన బేరిపండ్ల ముక్కలు, రోక్‌ఫోర్ అనే నీలి చారల గొర్రెపాల చీజ్, అక్రోటు పప్పులు ఇందులోని ముఖ్య పదార్థములు. వీటిని నూనె, వినెగర్, ఆవముద్ద చిలికి తయారు చేసిన వినైగ్రెట్ అనే మిశ్రమముతో తడిపి వెంటనే వడ్డిస్తారు. అక్రోట్లను వేయించడానికి తప్ప పొయ్యితో పని లేదు. అరగంటలోపే పూర్తి అయ్యే ఈ వంటకము మామూలు ఇళ్ళలోను, పేరున్న భోజనశాలలలోను ఇంచుమించు ఒకే విధముగా కనిపిస్తుంది. ఆకులోని చేదును పూర్తిగా పోగొట్టకుండా, దానికి సరిపడే తీపి, ఉప్పు, పులుపు, కొవ్వులను జోడించి రుచికరముగా మార్చడము దీని ప్రత్యేకత. ఆ చేదు లేకపోతే మిగిలినది పండ్ల పళ్ళెము మాత్రమే.

తెలుగులో జున్ను అన్న మాట కొత్తగా ఈనిన ఆవు లేక గేదె పాలతో చేసే తీపి వంటకమునకు వాడుకలో ఉన్నది. ఆ రెండింటికీ పొరపాటు పడకుండుటకు ఈ వ్యాసములో చీజ్ అన్న మాటనే వాడడమైనది.

పేర్లలోని తికమక

ఫ్రెంచివారు ఎండివ్ అని పిలిచే కూర సికోరియమ్ ఇంటిబస్ అనే శాస్త్రీయ నామము గల మొక్క నుండి వస్తుంది. ఇది చామంతి, పొద్దుతిరుగుడు మొక్కలు చేరిన ఆస్టరేసి కుటుంబమునకు చెందినది. కాఫీపొడిలో కలిపే చికోరీ కూడా ఇదే జాతి మొక్క వేరు నుండి తయారవుతుంది. కూర కోసము ఒక రకమును, వేరు కోసము మరొక రకమును పండిస్తారు.

ఇంగ్లండులో ఈ కూరనే చికోరీ అంటారు. అక్కడ ఎండివ్ అంటే సికోరియమ్ ఎండివియా అనే మరొక మొక్క. దాని ఆకులు చీలికలై నొక్కులు నొక్కులుగా ఉంటాయి. ఆ నొక్కుల ఆకును ఫ్రాన్సులో షికోరే ఫ్రిజే అంటారు. అనగా మధ్యనున్న సముద్రపు పాయ దాటగానే రెండు మొక్కల పేర్లు తారుమారు అవుతాయి. అమెరికావారు ఈ గొడవ లేకుండా బెల్జియన్ ఎండివ్ అని దేశము పేరు చేర్చి పిలుస్తారు. బెల్జియములో ఫ్లెమిష్ మాట్లాడేవారికి ఇది విట్‌లోఫ్, అనగా తెల్లని ఆకు. అక్కడి ఫ్రెంచివారికి, ఉత్తర ఫ్రాన్సువారికి ఇది షికోన్. వంట పుస్తకము ఏ దేశమునకు చెందినదో చూసుకొనక బజారుకు వెళ్ళినవారు ఒక ఆకుకు బదులు మరొకటి తెచ్చుకొనే అవకాశము ఎంతైనా ఉన్నది.

ఇక సలాడ్ అన్న మాట లాటిన్ భాషలో ఉప్పు అనే అర్థము గల పదము నుండి పుట్టినది. ఉప్పు కలిపిన పచ్చి ఆకులు అని దాని మొదటి అర్థము. తరువాత చెప్పబోయే రుచి విషయమునకు ఈ వ్యుత్పత్తి చక్కగా సరిపోతుంది.

చీకటిలో పెరిగే కూర

ఎండివ్ మొగ్గ అరచేయంత పొడవుతో, రెండు కొసలు సన్నగా, పొరలు పొరలుగా బిగిసి ఉంటుంది. రంగు తెలుపు, ఆకుల అంచులు మాత్రము లేత పసుపుగా ఉంటాయి. ఈ తెలుపునకు కారణము చీకటి. వెలుతురు సోకని ఆకులలో పత్రహరితము ఏర్పడదు, చేదు కూడా తక్కువగా ఉంటుంది.

ఈ సాగు పద్ధతి 19వ శతాబ్దపు మధ్యకాలములో బ్రస్సెల్స్ పరిసరములలో మొదలైనది. ఒక కథ ప్రకారము 1830 ప్రాంతములో, బెల్జియము స్వాతంత్ర్యము కొరకు పోరాడుతున్న రోజులలో, స్కార్‌బేక్ గ్రామపు రైతు ఒకరు చికోరీ వేళ్ళను నేలమాళిగలో మట్టి కప్పి దాచిపెట్టగా, కొన్నాళ్ళకు వాటి నుండి తెల్లని మొగ్గలు వచ్చినవట. ఇది ఎంతవరకు నిజమో గాని, బ్రస్సెల్స్ వృక్షశాస్త్ర ఉద్యానవనములో ప్రధాన తోటమాలిగా ఉన్న బ్రేజియే ఈ పద్ధతిని ఉద్యానవనపు నేలమాళిగలలో మెరుగుపరచినట్లు ప్రసిద్ధి. అదే శతాబ్దము ముగిసేలోగా ఈ కూర పారిస్ బజారుకు చేరినది. నేడు ఫ్రాన్సులో దీని సాగు అత్యధికముగా ఉత్తర ప్రాంతములలోనే జరుగుతున్నది.

ఎండివ్ సాగు రెండు దశలలో సాగుతుంది. వేసవి మొదట్లో పొలములో విత్తనములు చల్లుతారు. మొక్క ఎండలో మామూలుగా పెరిగి, ముల్లంగి వలె లావైన వేరును పెంచుకొంటుంది. శరదృతువులో వేళ్ళను తవ్వి, పైనున్న పచ్చని ఆకులను కోసివేసి, వేళ్ళను శీతల గిడ్డంగులలో నిద్రపుచ్చుతారు. అవసరమైనప్పుడు కొన్ని వేళ్ళను తీసి చీకటి గదులలో నిలువుగా పేర్చి, వాటి అడుగున నీరు పారిస్తారు. వేరులో దాచుకొన్న ఆహారముతోనే మొక్క మళ్ళీ చిగురించి, సుమారు మూడు వారములలో మొగ్గ తయారవుతుంది. పూర్వము ఈ రెండవ దశలో వేళ్ళపై మట్టి కప్పేవారు. ఆ బరువు వలన మొగ్గ విచ్చుకొనక బిగువుగా ఉండేది. 1970వ దశకములో ఫ్రాన్సు వ్యవసాయ పరిశోధన సంస్థ జూమ్ అనే సంకర రకమును విడుదల చేసిన తరువాత మట్టి లేకుండానే బిగువైన మొగ్గలు పండించడము సులభమైనది.

ఈ మార్పులతో పాటు చేదు కూడా తగ్గుతూ వచ్చినది. చేదును ఇష్టపడని వారికి, ముఖ్యముగా పిల్లలకు నచ్చవలెనని విత్తన సంస్థలు తక్కువ చేదు గల రకములను ఎంపిక చేస్తూ వచ్చినవి. పాత వంట పుస్తకములు మొగ్గ అడుగున ఉండే గట్టి దుంపను శంకువు ఆకారములో తప్పక తొలచివేయమని చెబుతాయి. నేటి రకములలో చాలావాటికి ఆ పని అంతగా అవసరము లేదు. అయితే చేదు తగ్గినందుకు సంతోషించేవారు ఉన్నట్లే, ఆకులో రుచి తగ్గినదని బాధపడే పాతకాలపు వంటవారు కూడా ఉన్నారు. రోక్‌ఫోర్ వంటి ఘాటైన చీజ్ పక్కన చేదు లేని ఆకును పెడితే చీజ్ రుచి ఒక్కటే నాలుకపై మిగులుతుంది కాబట్టి, ఈ సలాడ్ వరకు ఆ పాతకాలపు వారి మాటలో న్యాయము ఉన్నది.

రోక్‌ఫోర్ చీజ్

రోక్‌ఫోర్ దక్షిణ ఫ్రాన్సులోని ఆవేరోన్ జిల్లాకు చెందిన రోక్‌ఫోర్ సుర్ సుల్జోన్ అనే గ్రామము పేరు మీద ఏర్పడినది. లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలను తోడుపెట్టి, పెనిసిలియమ్ రోక్‌ఫోర్టి అనే బూజును చేర్చి దీనిని తయారు చేస్తారు. తరువాత గ్రామమును ఆనుకొని ఉన్న కొంబాలు కొండ గుహలలో ఉంచుతారు. ఆ కొండలోని పగుళ్ళను స్థానికులు ఫ్లరీన్‌లు అంటారు. వాటి గుండా చల్లని తేమగాలి సంవత్సరము పొడవునా వీస్తుంది. చీజ్ దిమ్మకు సన్నని సూదులతో రంధ్రములు పొడుస్తారు. గాలి లోపలికి చేరిన చోటనల్లా బూజు నీలి, ఆకుపచ్చ రంగులలో అల్లుకొంటుంది. మొత్తము మీద కనీసము 90 రోజులు గడిస్తే గాని ఆ పేరుతో అమ్మడానికి వీలు లేదు. దిమ్మ బరువు రెండున్నర నుండి మూడు కిలోలు.

1411లో ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్ ఈ గ్రామస్థులకు చీజ్ మాగబెట్టే విషయములో ప్రత్యేక హక్కును ఇచ్చినాడు. 1925లో చట్టము ద్వారా ఈ పేరుకు రక్షణ లభించినది. ఫ్రాన్సులో చీజ్‌కు ఇటువంటి రక్షణ దొరకడము అదే మొదలు. 1961లో మియో పట్టణ న్యాయస్థానము, ఈ కొండ గుహలలో మాగినదే రోక్‌ఫోర్ అని తీర్పు చెప్పినది. 1996లో ఐరోపా సమాఖ్య కూడా పేరును నమోదు చేసినది. తిరుపతి లడ్డుకు, బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చినట్లే ఇదియు అనుకొనవచ్చును.

ఒక గొర్రెల కాపరి రొట్టెను, పాలవిరుగుడు ముద్దను గుహలో మరచిపోయి, ఎన్నాళ్ళకో తిరిగి వచ్చి చూడగా బూజు పట్టి ఉండెననియు, ఆకలి కొద్దీ దానినే తిన్నాడనియు ఒక పుట్టుకథ ప్రచారములో ఉన్నది. ఎండివ్ కథలోని నేలమాళిగ, ఈ కథలోని గుహ, రెండూ చీకటి చోట్లే. రెండింటిలోనూ మరచిపోయినదో దాచిపెట్టినదో వెలుగులోకి వచ్చి విలువైన సరుకు అయినది. కథలు నిజము కాకపోయినా, నేడు ఖరీదైన బల్లల మీద కనిపించే ఈ సలాడ్ లోని పదార్థములు పల్లె రైతుల, కాపరుల ఇళ్ళ నుండి వచ్చినవన్నది మాత్రము నిజము.

బేరిపండు, అక్రోటు

బేరిపండును చీజ్‌తో కలిపి తినడము ఐరోపాలో చాలా పాత అలవాటు. చీజ్, బేరిపండు కలిస్తే ఎంత రుచిగా ఉంటుందో రైతుకు తెలియనివ్వవద్దు అని ఇటలీలో ఒక సామెత కలదు. ఆహార చరిత్రకారుడు మాసిమో మొంతనారి ఈ ఒక్క సామెత మీదనే ఒక పుస్తకము వ్రాసినాడు. చీజ్ ఒకప్పుడు పేదల తిండి, త్వరగా పాడయ్యే మేలురకపు బేరిపండు పెద్దల బల్లపై ఉండేది. రెండూ కలిసిన తరువాత ఆ రుచిని తమకే ఉంచుకొనవలెనన్న పెద్దల కోరిక ఈ సామెతలో కనిపిస్తుందని ఆయన వివరణ సారాంశము. పండును పండించినవాడికే దాని రుచి తెలియకూడదన్న మాట ఇది.

సలాడ్‌కు కోమిస్, కాన్ఫరెన్స్, విలియమ్స్ రకములు అనువైనవి. మొదటిది 19వ శతాబ్దములో ఫ్రాన్సులోని ఆంజేర్ నగరములో పుట్టినది. వెన్న వంటి కండ దీని గుణము. భారతదేశములో కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ నుండి వచ్చే బేరిపండ్లు కూడా పనికివస్తాయి. బేరిపండు చెట్టున ఉండగా సరిగా పండదు. కోసిన తరువాత లోపలి నుండి బయటకు మెత్తబడుతుంది కనుక పైన నొక్కి చూస్తే తెలియదు. తొడిమ దగ్గర మెడను బొటనవ్రేలితో నొక్కినప్పుడు కొద్దిగా లొంగితే పండినట్లు లెక్క. పొట్ట భాగము మెత్తబడినదంటే లోపల కుళ్ళు మొదలైనదని అనుమానించవలెను.

అక్రోట్లకు ఫ్రాన్సులో గ్రెనోబుల్, పెరిగోర్ ప్రాంతములు ప్రసిద్ధము. గ్రెనోబుల్ అక్రోటు పేరుకు 1938లోనే చట్ట రక్షణ లభించినది. అక్రోటు పప్పు మీది పలుచని పొర కొద్దిగా వగరు, చేదు కలిగి ఉంటుంది. ఈ సలాడ్‌లో అది దోషము కాదు. నూనె పదార్థము ఎక్కువగా ఉన్నందున పప్పు త్వరగా ముక్కిపోతుంది. ముక్కిన ఒక్క పప్పు చాలు, పళ్ళెమంతా పాడు చేయడానికి. కాబట్టి వేసేముందు ఒకటి నమిలి చూడడము మంచిది.

రుచుల పొందిక

ఎండివ్ చేదునకు కారణము లాక్ట్యూసిన్, లాక్ట్యూకోపిక్రిన్ మొదలైన రసాయనములు. లెట్యూస్‌ను తుంచినప్పుడు కారే తెల్లని పాలలోనూ ఇవి ఉంటాయి. పురుగులు, పశువులు తమను తినకుండా మొక్కలు చేసుకొన్న ఏర్పాటు ఇది. మనిషి నాలుకపై తీపిని, ఉప్పును గుర్తించే గ్రాహకములు కొద్ది రకములే ఉండగా, చేదును గుర్తించేవి సుమారు 25 రకములు ఉన్నాయి. విషపదార్థములలో అనేకము చేదుగా ఉండడము వలన ఈ జాగ్రత్త ఏర్పడి ఉండవచ్చును. చేదును ఇష్టపడడము పెద్దయ్యే కొద్దీ అలవాటుతో వచ్చేది గాని పుట్టుకతో వచ్చేది కాదు.

చేదును అణచాలంటే పంచదార వేయాలని సాధారణముగా అనుకొంటారు. నిజానికి ఉప్పు ఈ పనిని తీపి కంటే బాగా చేయగలదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ రసాయన జ్ఞానేంద్రియ పరిశోధన కేంద్రమునకు చెందిన పాల్ బ్రెస్లిన్, గారీ బోషాంప్ 1997లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగమును ప్రకటించినారు. చేదు, తీపి కలిసిన ద్రావణమునకు సోడియము లవణమును చేర్చగా చేదు తగ్గడమే గాక, అంతవరకు చేదు కింద అణగి ఉన్న తీపి పైకి తేలినది. ఎండివ్ సలాడ్‌లో జరిగేది ఇదే. రోక్‌ఫోర్ బాగా ఉప్పగా ఉండే చీజ్. ఆ ఉప్పు ఆకు చేదును తగ్గించగా, పక్కనున్న బేరిపండు తాను మామూలుగా ఉన్నదానికంటే తియ్యగా తోస్తుంది. చీజ్‌లోని కొవ్వు నాలుకకు పూతవలె పట్టి ఘాటును మెత్తపరుస్తుంది. వినెగర్ పులుపు ఆ కొవ్వును కడిగివేసి తరువాతి ముద్దకు నోటిని సిద్ధము చేస్తుంది. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా లోటు వెంటనే తెలుస్తుంది.

తయారీ విధానము

నలుగురికి నాలుగు మధ్యరకపు ఎండివ్ మొగ్గలు (సుమారు అరకిలో), రెండు పండిన బేరిపండ్లు, 100 గ్రాముల రోక్‌ఫోర్, 50 గ్రాముల అక్రోటు పప్పు సరిపోతాయి. వినైగ్రెట్ కొరకు ఒక పెద్ద చెంచా ద్రాక్ష వినెగర్ లేక ఆపిల్ వినెగర్, మూడు పెద్ద చెంచాల నూనె, ఒక చిన్న చెంచా ఆవముద్ద, చిటికెడు ఉప్పు, మిరియాలపొడి కావలెను. మూడు చెంచాల నూనెలో ఒకటి అక్రోటు నూనె అయితే శ్రేష్ఠము. ఆవముద్ద అనగా ఇక్కడ దిజోన్ పద్ధతిలో చేసినది; తెలుగు ఇళ్ళలో నూరుకొనే పచ్చి ఆవపిండి దీనికంటే ఘాటు, చేదు ఎక్కువ గలది కాబట్టి దానిని వాడదలచినవారు అందులో పావువంతుతో మొదలుపెట్టడము క్షేమము.

మొదట చీజ్‌ను శీతల పెట్టె నుండి తీసి బయట ఉంచవలెను. చల్లగా ఉన్న చీజ్‌కు వాసన, రుచి రెండూ తక్కువ. అయితే ముక్కలు చేయడము మాత్రము చల్లగా ఉన్నప్పుడే సులభము, లేనిచో చేతికి అంటుకొంటుంది. చేతితో చిదిపి పళ్ళెములో పెట్టి మూత వేసి ఉంచుకొంటే సరిపోతుంది.

అక్రోటు పప్పులను నూనె లేని మూకుడులో సన్నని సెగ మీద నాలుగైదు నిమిషములు, వాసన వచ్చే వరకు వేయించి, చల్లారిన తరువాత పెద్ద పలుకులుగా విరవవలెను. రంగు మారేదాకా ఆగితే చేదెక్కుతాయి.

ఎండివ్ మొగ్గలను ఎంచేటప్పుడు తెల్లగా, బిగువుగా, కొసలు పసుపుగా ఉన్నవి చూసుకొనవలెను. కొసలు పచ్చబడినవి వెలుతురులో ఎక్కువసేపు ఉన్నవి, కాబట్టి వాటికి చేదు ఎక్కువ. ఈ కారణముననే దుకాణములలో వీటిని ముదురు నీలిరంగు కాగితములో చుట్టి పెడతారు. ఇంటికి తెచ్చిన తరువాత కూడా కాగితము విప్పకుండా దాచవలెను. పైరెండు ఆకులను తీసివేసి, మొగ్గను పారుతున్న నీటిలో త్వరగా కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవవలెను. మిగిలిన ఆకుకూరల వలె నీటిలో నానవేయకూడదు. నానితే చేదు పెరుగుతుందని ఫ్రెంచి ఇల్లాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకము సంగతి ఎలా ఉన్నా, నానిన ఆకు నీరు పట్టి కరకరలాడే గుణమును కోల్పోతుందన్నది కంటికి కనిపించేదే.

అడుగుభాగమును అరంగుళము మేర కోసివేసి, ఒక లేత ముక్కను నమిలి చూడవలెను. చేదు భరించలేనంత ఉంటేనే లోపలి దుంపను సన్నని కత్తి మొనతో తొలచివేయవలెను. పై ఆకులలో మంచివి ఒక్కొక్కరికి మూడు నాలుగు చొప్పున విడిగా తీసి ఉంచి, మిగిలిన మొగ్గను నిలువుగా చీల్చి వేలెడు వెడల్పు ముక్కలుగా తరగవలెను. తరిగిన అంచులు కొద్దిసేపటికి గోధుమరంగుకు తిరుగుతాయి కాబట్టి ఈ పని వడ్డించడానికి పది నిమిషముల ముందు చేయడము మంచిది.

వినైగ్రెట్ చేయడములో వరుస ముఖ్యము. ఉప్పు నూనెలో కరగదు. కనుక ముందుగా గిన్నెలో వినెగర్ పోసి అందులో ఉప్పును పూర్తిగా కరగనివ్వవలెను. తరువాత ఆవముద్ద కలిపి, నూనెను సన్నని ధారగా పోస్తూ చిలకవలెను. నూనె, వినెగర్ సహజముగా కలవవు. ఆవగింజ తొక్కలోని జిగురు నూనె బిందువులను విడివిడిగా పట్టి ఉంచి, మిశ్రమమును చిక్కగా చేస్తుంది. చీజ్‌లో ఉప్పు దండిగా ఉన్నందున వినైగ్రెట్‌లో ఉప్పు తక్కువగానే ఉండవలెను. మొదటిసారి చేసేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. బేరిపండు అంతగా పండనప్పుడు అర చెంచా తేనె కలుపుకొనవచ్చును, పండు తియ్యగా ఉంటే తేనె అనవసరము.

బేరిపండును చివరన కోయవలెను. తొక్క పలుచగా ఉంటే తీయనక్కరలేదు. నాలుగుగా చీల్చి, గింజల భాగము తీసివేసి, పలుచని చీలికలుగా కోసి నిమ్మరసము రాస్తే రంగు మారదు. కోసిన పండులోని ఎంజైము గాలితో కలిసి నలుపు తెస్తుంది. నిమ్మరసపు ఆమ్లము దానిని అడ్డుకొంటుంది.

తరిగిన ఎండివ్‌ను వెడల్పు గిన్నెలో వేసి, వినైగ్రెట్‌లో మూడువంతులు పోసి, చేతులతో అడుగు నుండి పైకి తేలికగా కలపవలెను. ప్రతి ఆకు మెరవవలెను గాని గిన్నె అడుగున మిశ్రమము నిలువకూడదు. ఆకులపై నీటితడి ఉంటే నూనె అంటక జారిపోతుంది. ముందు తుడవమన్నది అందుకే.

వడ్డన

విడిగా ఉంచిన పొడవాటి ఆకులను పళ్ళెములో దోనెల వలె, కొసలు బయటకు ఉండేటట్లు అమర్చి, మధ్యలో తరిగిన ఎండివ్‌ను కుప్పగా పోస్తారు. దాని మీద బేరిపండు చీలికలు, చిదిపిన చీజ్, అక్రోట్లు చల్లి, మిగిలిన వినైగ్రెట్‌ను చుక్కలుగా వేస్తారు. చీజ్‌ను గిన్నెలోనే వేసి కలిపితే అది కరిగి ఆకులన్నింటికీ బూడిదరంగు పూత పూస్తుంది, చూడడానికి బాగుండదు. ఈ సలాడ్‌కు అందము తెచ్చేది అలంకరణ కాదు. తెలుపు, లేత పసుపు, నీలము అనే మూడు రంగులు దేనికది విడిగా కనిపించడమే. టమాటా, క్యారట్, కొత్తిమీర వంటివి చేర్చి రంగులు పెంచినకొద్దీ ఆ పొందిక చెడుతుంది.

ఫ్రాన్సులో దీనిని భోజనపు ఆరంభములో గాని, రొట్టెతో కలిపి రాత్రి తేలిక భోజనముగా గాని తింటారు. అక్కడి పద్ధతిలో మామూలు పచ్చి ఆకుల సలాడ్ ప్రధాన వంటకము తరువాత, చీజ్‌కు ముందు లేక చీజ్‌తో పాటు వస్తుంది. సలాడ్, చీజ్, పండు మూడూ ఒకే పళ్ళెములో ఉన్న ఎండివ్ సలాడ్ ఆ భోజనపు చివరి అంకములన్నింటినీ ఒక్కటి చేసినట్లు ఉంటుంది.

బేరిపండు బదులు ఆపిల్, రోక్‌ఫోర్ బదులు గ్రుయేర్ లేక కోంతే చీజ్ వేసేవారున్నారు. ఇటలీలో ఇదే జాతికి చెందిన ఎర్రని రాడికియో ఆకును బేరిపండు, గోర్గోంజోలా చీజ్‌లతో కలుపుతారు. అక్కడి త్రెవీజో పట్టణపు రాడికియో కూడా ఎండివ్ వలెనే తవ్వి తీసిన తరువాత చీకటిలో రెండవసారి చిగురించేది.

తెలుగువారితో సంబంధము

ఎండివ్ ఆకు తెలుగు వంటలలో లేదు. పెద్ద నగరములలో దిగుమతి సరుకులు అమ్మే దుకాణములలో మాత్రము దొరుకుతుంది. కాని దాని సోదరమైన చికోరీ వేరు ఎన్నో తెలుగు ఇళ్ళలో ప్రతి ఉదయము ఫిల్టరులోకి చేరుతూనే ఉన్నది. 1806లో నెపోలియన్ బ్రిటిషు వర్తకమును అడ్డుకొనుటకు ఐరోపా రేవులను మూయించినప్పుడు కాఫీ గింజలకు కరువు ఏర్పడి, వేయించిన చికోరీ వేరు వాడకము ఫ్రాన్సులో బాగా వ్యాపించినది. భారతదేశములో గుజరాత్‌లోని జామ్‌నగర్ ప్రాంతము చికోరీ సాగుకు పేరు పొందినది. భారతీయ ఆహార నిబంధనల ప్రకారము కాఫీ, చికోరీ మిశ్రమములో కాఫీ 51 శాతమునకు తగ్గకూడదు. యునానీ వైద్యములో ఈ మొక్క గింజలను, వేళ్ళను కాసిని పేరుతో వాడుతారు.

చేదును పారవేయక పొందికగా వాడుకొనే తెలివి తెలుగు వంటకు కొత్త కాదు. బెల్లము, చింతపండు పెట్టిన కాకరకాయ కూరలోను, వేపపువ్వు వేసిన ఉగాది పచ్చడిలోను చేదు, తీపి, పులుపు, ఉప్పు ఒకదానినొకటి అదుపులో పెట్టుకొంటాయి. కాకరకాయను ఉప్పు రాసి కాసేపు ఉంచి పిండడము అందరికీ తెలిసినదే. తేడా అల్లా కొవ్వులో ఉన్నది. తెలుగు వంటలో నూనె చేసే పనిని ఇక్కడ చీజ్ చేస్తుంది.

జాగ్రత్తలు

రోక్‌ఫోర్ తయారీలో పాలను విరుగుటకు జంతువుల కడుపు పొర నుండి తీసిన రెన్నెట్ వాడుతారు. కాబట్టి పాలపదార్థమే కదా అని శాకాహారులు దీనిని తినడము పొరపాటు. భోజనశాలలలో ఈ సలాడ్‌ను శాకాహార వంటకముల వరుసలో వ్రాయడము కద్దు గనుక అడిగి తెలుసుకొనవలెను. సూక్ష్మజీవుల నుండి తయారైన రెన్నెట్‌తో చేసిన నీలి చారల చీజ్‌లు కూడా దొరుకుతాయి. భారతదేశములో అమ్మే పొట్లములపై ఉండే ఆకుపచ్చ, గోధుమరంగు గుర్తులను బట్టి తేడా తెలుసుకొనవచ్చును. పనీర్ నిమ్మరసముతో విరిచేది కనుక శాకాహారమే గాని, ఉప్పు, ఘాటు లేనందున ఈ సలాడ్‌లో చేదుకు ఎదురు నిలువలేదు. తప్పనిసరి అయితే పనీరును ఉప్పునీటిలో నానబెట్టి వాడవచ్చును.

పచ్చిపాలతో చేసిన చీజ్‌లలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశము ఉన్నందున గర్భిణీ స్త్రీలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు రోక్‌ఫోర్ తినరాదని వైద్యులు చెబుతారు. రక్తపోటు ఉన్నవారు చీజ్ పాలు తగ్గించుకొనవలెను. అక్రోటు కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తుంది. అటువంటివారికి అక్రోటు నూనె కూడా పనికిరాదు. చామంతి కుటుంబపు మొక్కలు పడనివారికి ఎండివ్ ఆకు కూడా పడకపోవచ్చును. ఒకసారి వినైగ్రెట్ కలిపిన తరువాత సలాడ్ నిలువ ఉండదు; మిగులుతుందనుకొన్న ఆకులను కలపకుండా విడిగా తడిగుడ్డలో చుట్టి చీకటిలో ఉంచితే మరునాటికి పనికివస్తాయి.